లెక్కల ఊసు లేని ఉత్తరాలు

నరసరావుపేట,
జూలై 7.

గౌరవనీయులైన నీరజ టీచర్ గారికి,

మీ నిరోష నమస్కరించి రాయునది. నేను ఇక్కడ క్షేమం. మీరూ, మన స్కూల్లో అందరూ క్షేమమని తలుస్తాను.

కాలేజీలో చేరిన నెలలోపు ఉత్తరం రాయమన్నారు. రెండు రోజులు ఆలస్యమైంది, మన్నించండి. ఇక్కడ ఫోన్లు ఉండనివ్వరు టీచర్. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ ఫోన్‌లో అమ్మానాన్నలతో ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు, ఇంకెవరితోనూ కుదరదు. ఉత్తరాలకు మాత్రం అడ్డు లేదు. పోస్టు కవరు కావాలని అడిగితే వార్డెన్ మేడం నన్ను వింతగా చూసి, "ఇంకా ఇయ్యి దొరుకుతున్నాయా?" అంటూ తెప్పించి ఇచ్చారు. ఈ కాలంలో ఉత్తరం రాసే పిల్లంటే బుద్ధిగా చదివే పిల్లేనని ఆమె నమ్మకం.

నన్ను మొదటి సెక్షన్‌లో వేశారు. పదో తరగతి మార్కులు చూసి వేశారట. జిల్లా పరిషత్ స్కూల్ నుంచి ఆ సెక్షన్‌కి వచ్చింది నేనొక్కదాన్నే. మొదటి రోజు లెక్చరర్ గారు ఏ స్కూలని అడిగితే రాళ్ళవాగుపాలెం అన్నాను. "అదెక్కడ?" అన్నారు. దుర్గి దగ్గరని చెప్పాను. "లెక్కల్లో తొంభై ఎనిమిదా! ఎవరు చెప్పారు నీకు?" అంటే మీ పేరు చెప్పాను. అది చెప్పేటప్పుడు నేను నిటారుగా నిలబడ్డాను టీచర్.

గదిలో ఎనిమిది మందిమి. నా పక్క మంచం సాయిసాత్విక, నూజెండ్ల అమ్మాయి. నిద్రలో కూడా ఫార్ములాలు గొణుగుతుంది. భోజనం బాగానే ఉంటుంది. పచ్చడి మాత్రం మా అమ్మ చేతి పచ్చడి కాదు.

మీరు మా ఇంటికి వచ్చిన సాయంత్రం తరచూ గుర్తొస్తుంది. మా నాన్న దాచేపల్లి ఫ్యాక్టరీలో లోడింగ్ పని ముగించుకుని అప్పుడే వచ్చాడు, చొక్కా మీద సిమెంటు దుమ్ము కూడా దులుపుకోలేదు. "పాలిటెక్నిక్‌లో సర్వే చదువు చదువుతానంటంది టీచరమ్మా. ఊళ్ళో రీసర్వే అప్పుడు ఆ సర్వేయర్ మేడం ఎనకాలే తిరిగింది, అప్పట్నుంచీ అదే పాట" అన్నాడు. మీరు నవ్వి, "ఇంత తెలివైన పిల్ల ఎండలో కర్ర పట్టుకుని పొలాల వెంట తిరగాలా సాల్మన్ రాజూ? ఎంపీసీ చదివించు. ఇంజనీరవుతుంది" అన్నారు. "మీరు చెప్పినాక ఇంకేముంది" అన్నాడు నాన్న. మీరే మాట్లాడి ఫీజు లేకుండా ఈ సీటు ఇప్పించారు. మీ మాట నిలబెడతాను.

ఇట్లు,
మీ విద్యార్థిని
నిరోష


రాళ్ళవాగుపాలెం,
జూలై 19.

చిరంజీవి నిరోషకు,

నీరజ టీచర్ ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చిన రోజు పోస్టుమాన్ స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "మేడం, మీకు బ్యాంకు నోటీసు కాకుండా వేరేదొచ్చింది" అని అరిచాడు. నేను చదువుకుని ఊరుకోలేదు. తీసుకెళ్ళి పదో తరగతిలో చదివి వినిపించాను. మొదటి సెక్షన్ దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తారు. తర్వాత దాన్ని నోటీసు బోర్డు మీద పెట్టాను. ప్రార్థన అయ్యాక పిల్లలు గుంపుగా చేరి చదువుతున్నారు.

ఎందుకంత ఆర్భాటం అంటావేమో. ఈ స్కూల్‌కి వచ్చి పదకొండేళ్ళయింది. పదో తరగతి పరీక్ష రాసిన పిల్ల మూడు నెలల తర్వాత మిరప చేలో కనిపించి, తలగుడ్డ ముందుకు లాక్కుని నన్ను చూడనట్టు తప్పుకుంటుంది. ఎంతమందిని అలా చూశానో. పై చదువంటే ఏమిటో, అక్కడ ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో వీళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. నేను నోటితో చెబితే పాఠంలా వింటారు. నీ ఉత్తరం మాత్రం కథలా విన్నారు.

ఈసారి క్లాసులో హిమజ అని ఒక పిల్ల ఉంది. త్రికోటేశ్వరరావు గారమ్మాయి, చెరువు కట్ట కింద పొలం వాళ్ళది. నీ తర్వాత లెక్కల్లో అంత చురుకైన పిల్లను చూడలేదు. నీ ఉత్తరం రెండుసార్లు అడిగి చదువుకుంది. వచ్చే ఏడాది దాన్ని కూడా నీ దగ్గరికే పంపాలని నా ఆశ.

తలకు నూనె పెట్టుకుంటున్నావా? ఎన్ని పనులున్నా అన్నం మానకు. మళ్ళీ రాయి. కాస్త పెద్దగా రాయి, పిల్లలు ఎదురుచూస్తుంటారు.

ఆశీస్సులతో,
నీరజ


నరసరావుపేట,
సెప్టెంబర్ 4.

గౌరవనీయులైన నీరజ టీచర్ గారికి,

నమస్కారాలు. రేపు ఉపాధ్యాయ దినోత్సవం. ఈ ఉత్తరం అందేసరికి అది దాటిపోతుంది, అయినా ముందే శుభాకాంక్షలు చెబుతున్నాను.

నా ఉత్తరం నోటీసు బోర్డు మీద పెట్టారని చదివి సిగ్గేసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి కదా టీచర్, తీసేయండి.

ఇక్కడ నాలుగు రోజులుగా వాన. బట్టలు ఆరడం లేదు. సాయిసాత్వికకు జ్వరమొస్తే నేనే గంజి తెచ్చి తాగించాను. కొత్తగా వచ్చిన వంటామె మాచర్ల ఆవిడ, గోంగూర బాగా చేస్తుంది. మా క్లాసు కిటికీలోంచి కోటప్పకొండ కనిపిస్తుంది. మబ్బులు కమ్మినప్పుడు సగం కొండే ఉంటుంది.

చదువు బాగా సాగుతోంది. అందరూ బాగా చూసుకుంటున్నారు. హిమజకు నా అభినందనలు చెప్పండి.

దసరా సెలవులు ఐదు రోజులే ఇస్తారట. ఊరికి వస్తానో రానో తెలియదు.

ఇట్లు,
నిరోష


రాళ్ళవాగుపాలెం,
అక్టోబర్ 20.

చిరంజీవి నిరోషకు,

ఆశీస్సులు. దసరాకు నువ్వు ఊరికి వచ్చి వెళ్ళావని మీ అమ్మ రాహేలు చెబితే తెలిసింది. మూడు రోజులున్నావట. మా ఇంటికి మీ ఇంటికి మధ్య రెండు వీధులే కదమ్మా. రోజూ సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సరే, అలిసిపోయి ఉంటావు. ఇంకేమీ అనను.

ఇక్కడి విశేషం చెప్పాలి. పోయిన ఆదివారం హిమజ వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేరతానని పట్టుబట్టింది. త్రికోటేశ్వరరావు గారికి అది బొత్తిగా ఇష్టం లేదు. "నాలుగు తరాలుగా మట్టి పిసుకుతున్నాం. ఇది కాలేజీకి పోయి కూడా మట్టే పిసుకుద్దంట. నవ్వుతారు టీచరమ్మా" అన్నాడు.

"పిసకటానికి కాదు నాన్నా. పోయినేడు మన తోటంతా ఆకు ముడుచుకుపోయింది. మందుల కొట్టాయన ఏది చేతికిస్తే అది కొట్టావు. అది ఎందుకొచ్చిందో నీకూ తెలవదు, ఆయనకీ తెలవదు. నాకది తెలవాల" అంది హిమజ.

నేను మధ్యలోకి వెళ్ళాను. తొంభైలు తెచ్చుకునే పిల్ల ఎంపీసీలో చేరితే ఎంత దూరం పోవచ్చో చెప్పి, సంచిలోంచి నీ ఉత్తరం తీసి చదివాను. త్రికోటేశ్వరరావు గారు కళ్ళు మూసుకుని విన్నాడు. "సాల్మన్ రాజు కూతురు అంత బాగా చదువుతుంటే, మనం ఎనకబడతామా? ఇదీ ఆడికే పోయిద్ది" అన్నాడు. అక్కడికి ఆ విషయం తేలిపోయింది.

హిమజ నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే, "నిరోషక్క నిజంగా అంత సంతోషంగా ఉందా టీచర్?" అని అడిగింది. ఉందన్నాను.

నువ్వు ఆ పిల్లకు నేరుగా ఒక ఉత్తరం రాయాలి. నీ మాటైతే మనసు కుదుటపడుతుంది. హాస్టల్ ఎలా ఉంటుంది, క్లాసులు ఎలా చెబుతారు, భయమక్కర్లేదని రాయి. ఈ నెలలోనే రాయి.

ఆశీస్సులతో,
నీరజ


నరసరావుపేట,
నవంబర్ 3.

నీరజ టీచర్ గారికి,

ఈ ఉత్తరం నోటీసు బోర్డు మీద పెట్టకండి. హిమజకు నేను ఉత్తరం రాయలేను. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. మొదటి వాక్యమే అబద్ధం అవుతోంది.

నేను మొదటి సెక్షన్‌లో లేను టీచర్. ఆగస్టులోనే కిందికి మార్చారు, తర్వాత ఇంకా కిందికి. ఇప్పుడు చివరి సెక్షన్. ప్రతి శనివారం పరీక్ష పెట్టి, సోమవారం మెట్ల దగ్గర జాబితా అంటిస్తారు. పోయిన వారం నూట ఇరవై మందిలో నాది నూట పదకొండో పేరు. నేను పై నుంచి వెతకడం మానేశాను. కింది నుంచి చూస్తే తొందరగా దొరుకుతుంది.

చదవక కాదు టీచర్. కూర్చునే ఉంటాను, చదువుతూనే ఉంటాను. ఇక్కడ లెక్క చేయరు, పట్టేస్తారు. నాలుగు జవాబులిచ్చి, "ఇది పోయింది, ఇది పోయింది, మిగిలిన రెంటిలో ఒకటి కొట్టండి" అంటారు సార్. ఒక్కో లెక్కకు నలభై సెకన్లు. మొదటి నెలలో ఒకసారి లేచి, "అది ఎందుకు పోయింది సార్?" అని అడిగాను. ఆయన మంచివారే, విసుక్కోలేదు. "ఎందుకు అనేది తర్వాత తెలుసుకోవచ్చమ్మా, ముందు ర్యాంకు రానీ" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత అడగలేదు. ఎందుకో తెలియకపోతే నాకు ముందుకు నడవదు. సాయిసాత్వికకు మాత్రం ఇది బాగా పట్టుబడింది, ఆటలా చేసేస్తుంది. తప్పు కాలేజీదని నేను అనడం లేదు.

మీ దగ్గర లెక్క తప్పితే, "ఎక్కడ తప్పావో నువ్వే వెతుక్కో" అని సుద్ద నా చేతిలో పెట్టేవారు. ఇక్కడ నేను ఎక్కడ తప్పానో వెతుక్కునేలోపే మళ్ళీ శనివారం వచ్చేస్తుంది.

దసరాకు వచ్చినప్పుడు మీ వీధి మలుపు దాకా వచ్చాను. మీరు వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఎదురుగా నిలబడితే మీరు మార్కులు అడుగుతారని వెనక్కి తిరిగాను. అమ్మానాన్నలకు ఇవేవీ తెలియవు. ఆదివారం ఫోన్‌లో, "బాగున్నావా బంగారూ" అంటే, బాగున్నానంటాను. ఐదు నిమిషాలు అలాగే అయిపోతాయి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. తొమ్మిదో తరగతి ఎండాకాలంలో సర్వేయర్ కుసుమ మేడం వెంట తిరిగానని నాన్న మీకు చెప్పాడు కదా. ఒకరోజు ఇద్దరు అన్నదమ్ములు గట్టు కోసం కలియబడ్డారు. మేడం ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. కొలిచి, కాగితం మీద గీసి, "ఇదిగో, ఇక్కడ" అని చూపించారు. ఇద్దరూ వంగి చూశారు, ఊరుకున్నారు. అంకెలతో అలాంటి పని చేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది. మీకు అది చిన్న చదువుగా కనిపించింది. నాకు అలా కనిపించలేదు టీచర్. కానీ మీకు ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది.

హిమజ నన్ను చూసి ఇక్కడికి రాకూడదు. తనంతట తను వస్తే రానివ్వండి.

మీ నమ్మకం నిలబెట్టలేకపోయాను. ఈ మధ్య అన్నం కూడా సరిగా దిగడం లేదు. ఇవన్నీ రాశాక మాత్రం కొంచెం ఆకలేస్తోంది.

నిరోష


రాళ్ళవాగుపాలెం,
నవంబర్ 7.

అమ్మా నిరోషా,

ఉత్తరం ఇప్పుడే అందింది. మీ వార్డెన్‌కి ఫోన్ చేశాను. అన్నం నీ పక్కన కూర్చుని తినిపిస్తానని మాటిచ్చింది. ఆదివారం నేనూ మీ అమ్మా వస్తున్నాం. నువ్వు ఎవరికీ ఏమీ సమాధానం చెప్పుకోనక్కర్లేదు. తిను. నిద్రపో.

నీరజ


నరసరావుపేట,
నవంబర్ 14.

నీరజ టీచర్ గారికి,

నమస్కారాలు. మీరు వచ్చి వెళ్ళాక నాలుగు రోజులు ఏమీ రాయబుద్ధి కాలేదు. నిద్రపోయాను. అమ్మ తెచ్చిన పచ్చడి సీసా గదిలో అందరం కలిసి ఖాళీ చేశాం.

అమ్మ తిడుతుందనుకున్నాను. విజిటర్ల గదిలో ఆ ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, నేను చెప్పిందంతా విని, "అంతేనా? ఇంకేమన్నా ఉందా?" అంది. "ఇంకేముందమ్మా, చివరి సెక్షన్ చాలదా" అని ఏడిచాను. "ఏందే నీ ఏడుపు? నేను ఇంకేందో అనుకుని బస్సులో దారంతా పేనాలు చేతిలో పెట్టుకుని వచ్చా. కోతకొచ్చిన చేలో తాలుకాయ ఉండదా? ఏరి పక్కన పోస్తాం. దానికని చేను కాల్చుకుంటామా?" అంది. తర్వాత నా జడ విప్పి మళ్ళీ గట్టిగా అల్లింది. ఆ గట్టిదనానికి నొప్పి పుట్టింది గానీ కదలలేదు.

మధ్యలో ఇంటికి వచ్చెయ్యనని నేనే అన్నాను కదా. ఆ మాట మీదే ఉన్నాను. మార్చిలో మొదటి సంవత్సరం పరీక్షలు రాస్తాను. అవి ర్యాంకు పరీక్షలు కావు, మెట్టు మెట్టుగా రాయొచ్చు. తర్వాత పాలిటెక్నిక్ కోసం పాలిసెట్ రాస్తాను. వార్డెన్ మేడం ప్రిన్సిపాల్ గారికి చెప్పారు. చివరి సెక్షన్‌లోనే ఉంచి, శనివారం పరీక్ష నా ఇష్టానికి వదిలేశారు. సాయిసాత్విక, "నువ్వు పోతే నాకు గంజి ఎవరు తెస్తారే?" అంటోంది.

ఒక్కటే బాధగా ఉంది. మీరు ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. అమ్మ పక్కన కూర్చుని సంచి కాడలు పట్టుకుని నేలకేసి చూస్తూ ఉన్నారు. బస్సెక్కేటప్పుడు కూడా నా భుజం మీద చెయ్యి వేశారు గానీ మాట రాలేదు. నా మీద కోపమా టీచర్? అబద్ధాలు రాశానని కోపమైతే చెప్పండి, పడతాను.

ఇట్లు,
నిరోష


రాళ్ళవాగుపాలెం,
నవంబర్ 24.

నా తల్లి నిరోషకు,

కోపం నీ మీద కాదు. ఇది రాయడానికి పది రోజులు పట్టింది. నువ్వు నాకంటే తొందరగా నిజం రాయగలిగావు.

నాకు ముందే తెలుసమ్మా. పూర్తిగా కాదు, కానీ తెలుసు. సెప్టెంబర్‌లో నువ్వు రాసిన ఉత్తరంలో వాన ఉంది, గోంగూర ఉంది, కొండ ఉంది. లెక్కల ఊసు లేదు. పదో తరగతిలో సెలవుల్లో ఏం చేశావో రాయమంటే ఒక లెక్క ఎలా తెగిందో రెండు పేజీలు రాసిన పిల్లవి. ఆ ఉత్తరం మడతపెట్టేటప్పుడే నా మనసులో ఏదో కలుక్కుమంది. ఆ పూటే వార్డెన్‌కి ఫోన్ చేయగలిగేదాన్ని. చేయలేదు.

ఎందుకు చేయలేదో నాకు నేను చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. నీ జూలై ఉత్తరం నాకు బాగా పనికొస్తోంది. దాన్ని చూపిస్తే తల్లిదండ్రులు వింటున్నారు. అదిప్పుడు నిజం కాకపోతే నా చేతిలో ఇంకేమీ ఉండదు. అందుకని అడగలేదు. అడగకపోగా, అదే కాగితం పట్టుకుని హిమజ ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల గేటు దగ్గర అడిగిన ప్రశ్నకు, నాకే అనుమానం ఉండి కూడా, నువ్వు సంతోషంగానే ఉన్నావన్నాను.

ఆ రోజు విజిటర్ల గదిలో మీ అమ్మ మాట్లాడుతుంటే, నేను పదకొండేళ్ళుగా పిల్లలకు చెప్పాల్సిన మాట ఆమె నోట వస్తోందనిపించింది. ఇంక నాకు మాటెక్కడిది?

ఇంకొకటి. మీ నాన్నతో నేనన్న మాట, ఎండలో కర్ర పట్టుకుని తిరగడమని. మన స్కూల్ స్థలం హద్దులు తేల్చింది కూడా ఆ కర్ర పట్టుకున్న కుసుమ గారే. ఆ రోజు ఆమెకు మజ్జిగ ఇచ్చి దణ్ణం పెట్టాను. నా విద్యార్థిని అదే పని చేస్తానంటే చిన్నబుచ్చాను. తెలివైన పిల్లలకు ఒక్కటే దారి అనుకున్నాను. లెక్కల టీచర్ని, ఒక లెక్కకు నాలుగు పద్ధతులు చెప్పేదాన్ని, పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఒక్క పద్ధతే పట్టుకున్నాను.

హిమజకూ, వాళ్ళ నాన్నకూ నిజం చెప్పాలి. నీ మొదటి ఉత్తరం నిన్ను అడగకుండా ఊరంతా చదివాను. ఈ నవంబర్ ఉత్తరం నువ్వు సరేనంటేనే చదువుతాను. వద్దంటే ఎవరికీ చూపించను, నా మాటల్లో నేనే చెబుతాను.

నీ టీచర్,
నీరజ


నరసరావుపేట,
డిసెంబర్ 2.

నీరజ టీచర్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు నాకు క్షమాపణ చెప్పకండి టీచర్, ఏం చేయాలో తెలియడం లేదు.

ఉత్తరం చదవొద్దు. క్రిస్మస్‌కి మూడు రోజులు వస్తున్నాను. ఇరవై నాలుగున స్కూల్ ఉంటుంది కదా. నేనే వచ్చి పదో తరగతిలో నిలబడి చెబుతాను. ఈసారి మీ వీధి మలుపులో ఆగను.

నిరోష


రాళ్ళవాగుపాలెం,
జనవరి 26.

చిరంజీవి నిరోషకు,

ఆశీస్సులు. ఇవాళ జెండా పండగ చేసి, పిల్లలకు బిస్కెట్లు పంచి, ఇప్పుడే కూర్చున్నాను.

నువ్వు ఆ రోజు క్లాసులో చెప్పడం మొదలుపెట్టినప్పుడు నేను వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నాను. "నేను నూట పదకొండో పేరు" అనగానే ఎవరో నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. అప్పట్నుంచి క్లాసు నీదైపోయింది. నువ్వెళ్ళాక ఏం జరిగిందో నీకు తెలియాలి.

మరుసటి వారం అటెండెన్స్ అయ్యాక అఖిల్ లేచి, "టీచర్, ఎంపీసీ అంటే ఏంది?" అని అడిగాడు. పదో తరగతి సగం దాటాక అడిగాడు! నాలుగేళ్ళుగా వాడికి పాఠం చెబుతున్నాను, ఆ ఒక్క ప్రశ్న అడిగే వీలు ఇవ్వలేదన్నమాట. అందరినీ అడిగాను. ముప్ఫై ఒక్క మందిలో ఇరవై మందికి తెలియదు. తెలిసినట్టు తలూపుతూ కూర్చున్నారు.

అందుకని శుక్రవారం ఆఖరి పీరియడ్ దీనికే పెట్టాం. పనిచేసే మనుషులను పిలుస్తున్నాను. మొదట మన ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. తర్వాత దుర్గి నుంచి శివరామయ్య గారనే శిల్పి ఉలితో సహా వచ్చి, "రాయి పగిలితే ఏం చేస్తారు?" అని ఒక పిల్ల అడిగితే, "ముందు కాసేపు కూచుంటానమ్మా" అన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే అమ్మాయి వచ్చింది. పోయిన వారం కుసుమ గారు వచ్చారు, నిన్ను అడిగారు. ఏ చదువుకు ఏ తలుపో, అక్కడ రోజంతా ఏం పనో, ఏది కష్టమో వాళ్ళ నోటితోనే చెప్పిస్తున్నాను. నేను వెనక కూర్చుని రాసుకుంటున్నాను. నాకూ చాలా తెలియవని తెలిసింది.

ఇక హిమజ వాళ్ళిల్లు. నేనే వెళ్ళి, ఆ ఉత్తరంలోది అప్పటికే నిజం కాదని, తెలిసీ చదివానని చెప్పాను. త్రికోటేశ్వరరావు గారు, "మీరు చెప్పారని నమ్మాను టీచరమ్మా" అన్నాడు. అంతకంటే తిడితే బాగుండేది. మళ్ళీ వారం వెళ్ళాను. ఈసారి మాట్లాడటానికి కాదు, వినడానికి. హిమజ ఆకులు రెండు తెచ్చి నాన్న ముందు పెట్టి, ఈ మచ్చ వేరు, ఆ మచ్చ వేరు అని చెప్పుకుపోతోంది. ఆయన మొదట అటు తిరిగి కూర్చున్నాడు. తర్వాత కళ్ళజోడు తెమ్మన్నాడు. చివరికి, "సరే పో. మందుల కొట్టాయన్ని తిట్టటానికన్నా పనికొచ్చిద్ది" అన్నాడు.

ఇంకో సంగతి వింటే నవ్వుతావు. అఖిల్ ఎంపీసీలోనే చేరతాడట. ఆ నలభై సెకన్ల ఆట వినగానే వాడికి నోరూరిందట. "అక్కకు కుదరలా గానీ నాకు కుదిరిద్ది టీచర్" అన్నాడు. కుదిరితే సంతోషం. కుదరకపోతే మొదటి నెలలోనే చెప్పమన్నాను.

నీ పరీక్షలు దగ్గరపడ్డాయి. నిదానంగా రాయి.

ఆశీస్సులతో,
నీరజ


గుంటూరు,
సెప్టెంబర్ 12.

ప్రియమైన నీరజ టీచర్ గారికి,

నమస్కారాలు. ఇక్కడ ఫోన్ ఉంది, అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్‌లో మీరు ముందు అన్నం సంగతి అడుగుతారు, అసలు సంగతి చెప్పేలోపు స్కూల్లో గంట కొడతారు.

మొదటి సంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో వచ్చిన మార్కులు మీకు తెలుసు. ఫిజిక్స్ బొటాబొటిగా గట్టెక్కిందీ తెలుసు. పాలిసెట్ రాసి ఇక్కడి పాలిటెక్నిక్ సివిల్ బ్రాంచిలో చేరి ఇప్పటికి నెలన్నర. ఇక్కడ నాకంటే ఏడాది చిన్నవాళ్ళు ఎక్కువ, నన్ను అక్కా అంటారు. మొదట్లో ఆ పిలుపు ముల్లులా గుచ్చుకునేది, ఇప్పుడు అలవాటైంది. హిమజ పోయిన ఆదివారం ఫోన్ చేసింది. వాళ్ళ కాలేజీ పొలంలో మొదటి రోజే కాళ్ళకు బురద అంటితే, వాళ్ళ నాన్నకు ఫోటో పంపిందట. ఆయన, "ఇది మనింట్లో లేదా?" అని జవాబిచ్చాడట.

ఇవాళ మొదటిసారి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి లెవెలింగ్ చేయించారు టీచర్. అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం. మెట్ల దగ్గర ఒక గుర్తు నుంచి బయలుదేరి, గ్రౌండ్ చుట్టూ ఒక్కో చోట కొలుచుకుంటూ, మళ్ళీ అదే గుర్తుకు తిరిగి రావాలి. బయలుదేరిన చోటి ఎత్తూ, తిరిగొచ్చాక వచ్చిన ఎత్తూ ఒకటే కావాలి. కాకపోతే మధ్యలో ఎక్కడో తప్పు చేసినట్టు.

మా జట్టులో నలుగురం. పరికరం దుర్భిణిలోంచి దూరంగా నిలబెట్టిన కొలకర్ర మీది అంకెలు చదివే పని నాది. చుట్టూ తిరిగొచ్చి లెక్క వేస్తే పది సెంటీమీటర్ల తేడా వచ్చింది. మా జట్టు వాళ్ళు బిక్కమొహాలు వేశారు. ఒకమ్మాయి నెమ్మదిగా, "అక్కా, చివరి అంకె కొంచెం మార్చేద్దాం. సార్‌కి ఏం తెలుస్తది?" అంది. పెన్సిల్ నా చేతిలోనే ఉంది. ఒక్క క్షణం దాన్ని అలాగే పట్టుకున్నాను, మీకు అబద్ధం చెప్పను.

తర్వాత సార్ దగ్గరికి నేనే వెళ్ళి, "మాది కలవలేదు సార్. మూడో చోట ఎండ కళ్ళలో పడింది, నేను ఒక అంకె తప్పు చదివానేమో" అన్నాను. సార్ పుస్తకం కూడా చూడలేదు. "ఎక్కడో తెలుసుగా, అక్కడ మొదలుపెట్టి కొలుచుకురండి" అన్నారు. మళ్ళీ పరికరం ఎత్తుకుని నడిచాం. చెమట కళ్ళలో మండుతోంది, మా వాళ్ళు నన్ను తిట్టుకుంటున్నారు. మూడో చోట చూస్తే అనుకున్నట్టే, నాలుగును ఐదుగా చదివాను.

ఈసారి తిరిగొచ్చి లెక్క వేస్తే నాలుగు మిల్లీమీటర్ల తేడా. సార్ చూసి పక్కన టిక్కు పెట్టారు. "ఇంకా నాలుగు తేడా ఉంది కదా సార్?" అన్నాను.

"ఎండలో మనుషులు కొలిచారమ్మా" అన్నారు ఆయన. "అంత తేడా ఉండొచ్చు."

మీ
నిరోష